అంబులెన్సులో తలెత్తే ప్రశ్నలు: పారామెడిక్ వృత్తికి ఉమ్మడి పరిశోధన ప్రాధాన్యాలు

(ప్రత్యేక వ్యాసం)

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ప్రారంభమైన 108 అత్యవసర సేవ నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో పల్లెపల్లెకూ పరిచితమైనది. ఆ మూడంకెలు తెలియని ఇల్లు అరుదు. ఆ వాహనంలో సాధారణంగా ఇద్దరు ఉద్యోగులుంటారు. నడిపేవారిని పైలట్ అంటారు. రోగి పక్కన కూర్చుని చికిత్స అందించేవారిని ఈఎంటీ, అనగా అత్యవసర వైద్య సాంకేతికుడు అంటారు. రోగి ఇంటి ముంగిట నుంచి ఆసుపత్రి గుమ్మం వరకు ఆ ప్రాణానికి ప్రత్యక్ష బాధ్యత ఈఎంటీదే. కాల్ సెంటర్‌లోని వైద్యుడు ఫోన్‌లో సలహా ఇవ్వగలరే తప్ప రోగిని తాకి చూడలేరు.

కుదుపుల మధ్య, చీకటిలో, బంధువుల రోదనల నడుమ ఆ ఉద్యోగి తీసుకునే నిర్ణయాలు అనేకం. ఏ మందు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలా, దానిని దాటి జిల్లా ఆసుపత్రికి వెళ్లాలా అన్నవి వాటిలో కొన్ని. ఈ నిర్ణయాలలో కొన్నింటికి మాత్రమే గట్టి శాస్త్రీయ ఆధారం ఉన్నది. మిగిలినవి అలవాటుగా వస్తున్నవి, లేదా ఆసుపత్రి వైద్యం నుంచి యథాతథంగా స్వీకరించినవి. ఆధారం లేని ప్రశ్నలలో దేనికి ముందుగా సమాధానం వెదకాలి? ఆ వరుస క్రమాన్ని ఎవరు నిర్ణయించాలి? వృత్తిలో ఉన్నవారు, రోగులు, వైద్యులు, ప్రభుత్వం కలసి కూర్చుని ఆ క్రమాన్ని తేల్చుకోవడాన్నే ఉమ్మడి పరిశోధన ప్రాధాన్యాల నిర్ణయం అంటున్నారు. ఈ విధానాన్ని, మన ప్రాంతానికి దాని ఆవశ్యకతను పాత్రికేయులకు, అధికారులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులోనే ఉన్న చిక్కు

ముందుగా ఒక మాట విషయంలో స్పష్టత అవసరం. తెలుగు రాష్ట్రాలలో పారామెడికల్ సిబ్బంది అనగానే ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే టెక్నీషియన్, ఆపరేషన్ థియేటర్ సహాయకుడు మొదలైనవారందరూ స్ఫురిస్తారు. ఆంగ్లం మాట్లాడే దేశాలలో పారామెడిక్ అంటే అంబులెన్సులో పనిచేసే నిపుణుడు మాత్రమే. ఈ రెండు మాటలను వార్తలలో కలిపి వ్రాయడం వలన గందరగోళం ఏర్పడుతున్నది. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం, 2021 ఈ విషయంలో ఒక మేలు చేసింది. ఆ చట్టం షెడ్యూలులో అత్యవసర వైద్య సాంకేతికుడు, అడ్వాన్స్ కేర్ పారామెడిక్ అనే వృత్తులకు ప్రత్యేక స్థానం లభించింది. చట్టం దృష్టిలో వీరు ఇక వాహనంతోపాటు వచ్చే సహాయకులు కారు, ఒక వృత్తికి చెందినవారు.

వృత్తి అనిపించుకోవడానికి గుర్తింపు, శిక్షణ మాత్రమే చాలవు. తన పనికి సంబంధించిన ప్రశ్నలను తానే వేసుకుని సమాధానం కనుగొనే శక్తి కూడా ఉండాలి. వైద్యులకు, నర్సులకు ఆ సంప్రదాయం ఏనాడో ఏర్పడింది. బ్రిటన్‌లో పారామెడిక్‌గా నమోదు కావడానికి 2021 నుంచి డిగ్రీ స్థాయి విద్యను కనీస ప్రమాణంగా నిర్ణయించారు. ఆ దేశపు అంబులెన్సు సిబ్బంది నేడు వేలాది రోగులతో కూడిన పరిశోధనలలో పాల్గొంటున్నారు. మన వద్ద 2007లోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యుల సహకారంతో హైదరాబాద్‌లో రెండేళ్ల పారామెడిక్ కోర్సు ప్రారంభమైనది. బీజం పడింది గాని, పరిశోధన ఈ వృత్తిలో ఇంకా నిత్యకృత్యం కాలేదు.

ఆసుపత్రి నుంచి అరువు తెచ్చుకున్న వైద్యం

ఆసుపత్రిలో పనిచేసిన చికిత్స అంబులెన్సులో కూడా అంతే పనిచేస్తుందని భావించడం సహజం. ఆ భావన ప్రతిసారీ నిజం కాదని పరిశోధనలు తేల్చాయి.

కెనడాలోని అంటారియో రాష్ట్రంలో 17 నగరాలు, పట్టణాలలో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2004లో వెలువడ్డాయి. గుండె ఆగినవారికి అప్పటికే వేగంగా విద్యుత్ షాక్ అందించే ఏర్పాటు అక్కడ ఉన్నది. దానికి అదనంగా శ్వాసనాళంలో గొట్టం వేయడం, నరం ద్వారా మందులివ్వడం వంటి ఉన్నత స్థాయి సేవలను చేర్చారు. 5,638 మంది రోగులను పరిశీలించగా, ప్రాణాలతో ఇంటికి వెళ్లినవారి శాతం 5.0 నుంచి 5.1కి మాత్రమే మారింది. అంటే ఆచరణలో ఏ మార్పూ లేదు. పక్కనున్న పౌరుడు వెంటనే ఛాతీపై ఒత్తిడి చేయడం, షాక్ త్వరగా అందడం అనే రెండు సాధారణ చర్యలే ప్రాణాలను నిలిపినట్లు తేలింది. ఖరీదైన పరికరాల కొనుగోలుకు టెండర్లు పిలిచే అధికారులు ఈ అధ్యయనాన్ని ఒకసారి చదవడం మంచిది.

రెండవ ఉదాహరణ మరింత ఆలోచింపజేస్తుంది. గుండె ఆగిన రోగికి అడ్రినలిన్ ఇంజక్షన్ ఇవ్వడం దశాబ్దాలుగా ఉన్న ఆచారం. దానిని ప్రశ్నించే సాహసం చాలాకాలం ఎవరూ చేయలేదు. బ్రిటన్‌లో 2014 నుంచి 2017 వరకు ఐదు అంబులెన్సు సంస్థల పారామెడిక్కులు 8,014 మంది రోగులతో ఆ పరీక్ష జరిపారు. సగం మందికి అడ్రినలిన్, సగం మందికి ఉప్పునీటి ఇంజక్షన్ ఇచ్చారు. ఏది ఎవరికి అందుతున్నదో ఇచ్చేవారికి కూడా తెలియదు. 2018లో ఫలితాలు ప్రకటించారు. 30 రోజులకు బ్రతికి ఉన్నవారు అడ్రినలిన్ పొందిన వర్గంలో 3.2 శాతం, పొందని వర్గంలో 2.4 శాతం. మందు ప్రాణం నిలిపిన మాట నిజమే. అయితే బ్రతికినవారిలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవారు మొదటి వర్గంలో 31.0 శాతం కాగా, రెండవ వర్గంలో 17.8 శాతం. మెదడు బాగా పనిచేసే స్థితిలో బ్రతికినవారి సంఖ్యలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు.

అడ్రినలిన్ వాడరాదని ఈ పరిశోధన చెప్పలేదు. అంతర్జాతీయ మార్గదర్శకాలలో ఆ మందు నేటికీ కొనసాగుతున్నది. ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉన్నది. పరీక్ష ప్రారంభానికి ముందే పరిశోధకులు రోగులను, సాధారణ ప్రజలను సంప్రదించారు. కేవలం ఊపిరి నిలవడం కంటే, మనుషులను గుర్తుపట్టే స్థితిలో, తన పని తాను చేసుకోగల స్థితిలో బ్రతకడమే తమకు ముఖ్యమని వారు చెప్పారు. ఆ మాట ఎవరూ అడగకపోయి ఉంటే 3.2, 2.4 అనే రెండు అంకెలతోనే కథ ముగిసేది. ప్రశ్నను రూపొందించడంలో ప్రజలకు స్థానం కల్పించాలని కోరడానికి ఇంతకంటే బలమైన కారణం చూపడం కష్టం.

గోల్డెన్ అవర్ సంగతి

రోడ్డు ప్రమాదాల వార్తలలో గోల్డెన్ అవర్ అనే మాట లేని రోజు ఉండదు. గాయపడిన తొలి గంటలో వైద్యం అందితే ప్రాణం దక్కుతుందన్నది దాని భావం. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టంలో కూడా ఆ మాటకు నిర్వచనం చేరింది. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించిన నేపథ్యంలో ఆ శ్రద్ధ అవసరమే. అయితే 2001లో ఇద్దరు అమెరికా పరిశోధకులు ఈ గంట అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందని పాత గ్రంథాలన్నీ వెదకగా, దానికి మూలమైన పరిశోధన ఏదీ వారికి కనబడలేదు. అంతమాత్రాన ఆలస్యం చేయవచ్చని కాదు. రక్తం కారుతున్నవానికి గంట చాలా ఎక్కువ, పది నిమిషాలే గడువు. మరొక గాయానికి రెండు గంటల ప్రయాణమైనా సరైన ఆసుపత్రికి చేరడమే మేలు కావచ్చు. ఏ గాయానికి ఏ గడువు అన్నది పరిశోధన తేల్చవలసిన ప్రశ్న.

అంబులెన్సు ఎన్ని నిమిషాలలో చేరిందన్న లెక్క కూడా ఇటువంటిదే. ఇంగ్లండులో చాలాకాలం 8 నిమిషాల లక్ష్యం అమలులో ఉండేది. గడియారాన్ని ఆపడం కోసం అవసరం లేని చోటికి కూడా వాహనాలు పంపుతున్నారని గ్రహించి, 1.4 కోట్ల కాల్స్ మీద పరిశీలన జరిపి 2017లో ఆ లక్ష్యాన్ని మార్చారు. అత్యంత ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారికి సగటున 7 నిమిషాలు, మిగిలినవారికి అవసరాన్ని బట్టి వేర్వేరు గడువులు నిర్ణయించారు. మన సమీక్షా సమావేశాలలో నేటికీ ప్రధానంగా వినబడే అంకెలు రెండే: వాహనాల సంఖ్య, చేరిన సమయం. చేర్చిన రోగి ఏమయ్యాడన్న మూడవ అంకె అరుదుగా వినబడుతుంది.

ప్రాధాన్యాలను నిర్ణయించే పద్ధతి

వైద్య పరిశోధనకు వెచ్చించే ధనంలో దాదాపు 85 శాతం వృథా అవుతున్నదని 2009లో ఇయాన్ చామర్స్, పాల్ గ్లాజియూ అనే ఇద్దరు నిపుణులు అంచనా వేశారు. అందుకు వారు చూపిన కారణాలలో మొదటిది, రోగికీ వైద్యునికీ అక్కరలేని ప్రశ్నలను ఎంచుకోవడం. ఈ లోపాన్ని సరిదిద్దడానికే 2004లో బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్ ఏర్పడింది. 1747లో ఓడలో స్కర్వీ వ్యాధితో బాధపడుతున్న 12 మంది నావికులను జంటలుగా విభజించి, ఏ ఆహారం వారిని బాగుచేస్తుందో పరీక్షించిన నౌకాదళ వైద్యుని పేరు అది.

ఈ సంస్థ పద్ధతి క్లిష్టమైనది కాదు. మొదట రోగులు, వారిని కనిపెట్టుకుని ఉండే కుటుంబ సభ్యులు, చికిత్స చేసేవారు తమకు సమాధానం దొరకని సందేహాలను వ్రాసి పంపుతారు. వందల సంఖ్యలో వచ్చే ఆ సందేహాలను ఒకచోట చేర్చి, ఒకే అర్థం గలవాటిని కలుపుతారు. వాటిలో ఇప్పటికే సమాధానం దొరికినవాటిని పక్కన పెడతారు. ఈ మెట్టు చాలా కీలకం. ఎందుకంటే సమాధానం ఉండి కూడా క్షేత్రస్థాయికి చేరని ప్రశ్నలు ఇక్కడే బయటపడతాయి, వాటికి కావలసినది పరిశోధన కాదు, శిక్షణ. మిగిలిన ప్రశ్నలపై మరొకసారి అభిప్రాయం సేకరించి, చివరకు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి చర్చ ద్వారా పది ప్రశ్నలను వరుస క్రమంలో ఎంపిక చేస్తారు. చికిత్స చేయని పరిశోధకులకు ఇందులో ఓటు ఉండదు. ప్రశ్న పుట్టేది మంచం పక్కన గనుక, దానిని ఎంచుకునే హక్కు కూడా మంచం పక్కన ఉన్నవారిదేనన్నది ఆ నియమం వెనుక ఉద్దేశం.

నిపుణులు మాత్రమే కూర్చుంటే జాబితా ఏ విధంగా ఉంటుందో చెప్పడానికి ఐరోపా ఉదాహరణ ఒకటి ఉన్నది. 2011లో ఐరోపా దేశాల నిపుణులు, అంబులెన్సులో వైద్యుడే వెళ్లి అందించే చికిత్సకు సంబంధించి ఐదు ప్రధాన పరిశోధనాంశాలను ప్రకటించారు. సిబ్బంది అర్హత, శిక్షణ, శ్వాసమార్గ నిర్వహణ, చికిత్సలకు కాల పరిమితి, అల్ట్రాసౌండ్ ఉపయోగం, ఎప్పుడు ఎవరిని పంపాలన్న ప్రమాణాలు. ఇవన్నీ విలువైన అంశాలే. కాని రోగి కుటుంబం అడిగే ప్రశ్న వాటిలో ఒకటైనా కనబడదు. మన పొలం గట్ల మీద తలెత్తే ప్రశ్నలు ఆ జాబితాలో లేకపోవడం వారి తప్పు కాదు. ఆ జాబితాను మనం దిగుమతి చేసుకుంటే అది మన తప్పే అవుతుంది.

మన ప్రశ్నలు ఎక్కడ ఉన్నవి

పాము కాటు విషయమే తీసుకుందాం. 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో సుమారు 12 లక్షల మంది పాము కాటుతో మరణించారని 2020లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది. సగటున ఏటా 58,000 మరణాలు. 2001-2014 మధ్య ఈ మరణాలలో దాదాపు 70 శాతం ఎనిమిది రాష్ట్రాలలోనే సంభవించగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. నాగుపాము, కట్లపాము కాటుకు గురైన రోగికి శ్వాస కండరాలు పడిపోతాయి. అతడికి విరుగుడు ఇంజక్షన్‌తోపాటు కృత్రిమ శ్వాస కావాలి. రక్తపింజరి కాటు అయితే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. ఇక్కడ ఈఎంటీ ముందున్న ప్రశ్న ఏమిటి? పది కిలోమీటర్ల దూరంలో విరుగుడు ఇంజక్షన్ ఉండి వెంటిలేటర్ లేని ఆరోగ్య కేంద్రం ఉన్నది. అరవై కిలోమీటర్ల దూరంలో రెండూ ఉన్న ఆసుపత్రి ఉన్నది. ముందు దేనికి వెళ్లాలి? విరుగుడు మందు కొందరిలో ప్రాణాంతకమైన వికటింపు కలిగిస్తుంది గనుక వాహనంలోనే మొదలుపెట్టడం మేలా, కీడా? లండన్‌లోనో టొరంటోలోనో ఈ ప్రశ్నలను తమ జాబితాలో మొదట వ్రాసుకునేవారు ఉండరు.

పురుగుమందుల విషం మరొక అంశం. 1997-2002 మధ్య వరంగల్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పురుగుమందు విషప్రభావంతో 8,040 మంది చేరగా, వారిలో 22.6 శాతం మరణించినట్లు 2005లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. 2002 నాటి వివరాలను లోతుగా చూడగా, మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్లలోపువారు. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులకు అట్రోపిన్ చవకైన విరుగుడు. దానిని ఏ వేగంతో ఇవ్వాలన్నది ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. బంగ్లాదేశ్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు 2012లో వెలువడ్డాయి. అలవాటైన పద్ధతిలో మందు ఇచ్చిన వర్గంలో 22.5 శాతం మరణించగా, మోతాదును త్వరత్వరగా పెంచుతూ, ఆ తరువాత సెలైన్ ద్వారా నిలకడగా ఇచ్చిన వర్గంలో 8 శాతం మాత్రమే మరణించారు. మందు అదే, ధర అదే. అయితే ఆ పరీక్ష ఆసుపత్రి వార్డులో జరిగినది. గంటకు పైగా ప్రయాణం ఉన్న మండలాలలో ఆ తొలి మోతాదులను వాహనంలోనే, కాల్ సెంటర్ వైద్యుని సూచనపై ఇవ్వగలిగితే ఫలితం ఏమిటి? ఇది మన వద్ద తప్ప మరొకచోట తేలే ప్రశ్న కాదు. ఇటువంటి రోగిని కుటుంబ సభ్యులు ఉప్పునీరు తాగించి వాంతి చేయించడం కూడా పల్లెలలో ఉన్నదే. అది ఊపిరితిత్తులలోకి విషాన్ని పంపే ప్రమాదం ఉన్నదని ఎవరు, ఏ మాటలలో చెబితే వింటారన్నది సైతం పరిశోధనకు తగిన విషయమే.

గర్భిణుల తరలింపు 108 సేవలలో పెద్ద భాగం. కొన్ని కాన్పులు వాహనంలోనే జరుగుతాయి. కాన్పు తరువాత అధిక రక్తస్రావం కాకుండా ఆక్సిటోసిన్ ఇంజక్షన్ ఇస్తారు. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో భద్రపరచాలి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండలో నిలిచిన వాహనంలోని మందుకు ఎంత శక్తి మిగులుతుంది? వేడిని తట్టుకునే కార్బెటోసిన్ అనే మందుపై భారత్‌తో సహా 10 దేశాలలో 29,645 మంది స్త్రీలతో జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి. ఆక్సిటోసిన్‌కు అది తీసిపోదని తేలింది. ఆ పరీక్ష కూడా ఆసుపత్రులలో జరిగినదే. అంబులెన్సు పెట్టెలో ఏ మందు ఉంచాలన్న నిర్ణయానికి ఇంకా ఒక అడుగు మిగిలి ఉన్నది. ఆ అడుగు వేయడానికి పెద్ద ధనం అక్కరలేదు. వేసవిలో వాహనం పెట్టె లోపలి ఉష్ణోగ్రతను గంటగంటకు నమోదు చేసే చిన్న పరికరంతో ఆ పని మొదలుపెట్టవచ్చును.

ఏజెన్సీ ప్రాంతం సంగతి వేరు. పాడేరు, చింతపల్లి కొండలలో రోగి ముందుగా డోలీలో బంధువుల భుజాల మీద దిగి రావాలి. 2018లో ఆంధ్రప్రదేశ్‌లోని గిరిజన ప్రాంతాలలో బైక్ అంబులెన్సులను ప్రవేశపెట్టినది ఈ దూరాన్ని తగ్గించడానికే. వాహనం వచ్చిన క్షణం నుంచి మాత్రమే లెక్కించే గడియారానికి ఆ డోలీ ప్రయాణం కనబడదు. ఆ గంటలలో ఏమి జరుగుతున్నదో తెలిసినవారు డోలీ మోసినవారు, ఆశా కార్యకర్త. వారిని పిలవకుండా తయారైన ప్రాధాన్యాల జాబితాలో ఆ గంటలు ఉండవు.

వడదెబ్బను ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. 2015 వేసవిలో దేశవ్యాప్తంగా రెండు వేల మందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు తెలుగు రాష్ట్రాలవారే. రోగిని వాహనంలోనే చల్లబరచడానికి మన వద్ద సులభంగా లభించే పద్ధతి ఏదన్నది తేలవలసి ఉన్నది.

సిబ్బంది ఆరోగ్యం కూడా పరిశోధనాంశమే. స్ట్రెచర్ మోసి నడుము నొప్పి, వరుస రాత్రి విధులు, పసిపిల్లల మరణాలు చూసిన మనోవేదన, ఆగ్రహించిన బంధువుల దాడులు. వీటిని వేతన సమస్యలలో కలిపివేసి పక్కన పెట్టడం పరిపాటి అయినది. అలసిన ఈఎంటీ చేసే మోతాదు పొరపాటు రోగి సమస్య అవుతుందని గుర్తిస్తే, ఈ ప్రశ్న జాబితాలో పైకి రావడం ఖాయం.

ఆటంకాలు రెండు

ప్రశ్నలు ఎంచుకున్నంత మాత్రాన సమాధానాలు దొరకవు. మొదటి ఆటంకం వివరాల లభ్యత. ఈఎంటీ ప్రతి రోగికీ ఒక పత్రం నింపుతారు. ఆసుపత్రిలో మరొక కేస్ షీట్ తయారవుతుంది. ఈ రెండు కాగితాలు ఒకదానినొకటి చూసుకోవు. 48 గంటల తరువాత ఫోన్ చేసి రోగి క్షేమం కనుక్కునే పద్ధతి 108 సేవలో ఉన్నది గాని, అది ఆసుపత్రి నిర్ధారణకు ప్రత్యామ్నాయం కాదు. సరైన ఏర్పాటు ఉంటే ఇది అసాధ్యమేమీ కాదని 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం నిరూపించింది. ఐదు రాష్ట్రాలలో అత్యవసర సేవలను ఉపయోగించుకున్న 1,684 మంది గర్భిణుల యోగక్షేమాలను అందులో కాన్పు అనంతరం 42 రోజుల వరకు తెలుసుకోగలిగారు. 2021 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇస్తున్న 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య ఈ రెండు కాగితాలను కలిపే దారం కాగలదు. స్పృహలో లేని రోగి సంఖ్య ఎవరు చెబుతారన్న చిక్కు మాత్రం మిగులుతుంది.

రెండవది అనుమతి సమస్య. పరిశోధనలో చేరడానికి రోగి అంగీకారం తప్పనిసరి. గుండె ఆగిన మనిషిని అంగీకారం అడగడం ఎలా? బ్రిటన్ అడ్రినలిన్ పరీక్షలో చట్టం అనుమతించిన మేరకు ముందు చికిత్స అందించి, ఆ తరువాత రోగికి లేదా కుటుంబానికి తెలియజేశారు. పాల్గొనడం ఇష్టం లేనివారు ముందుగానే కోరి ఒక లోహపు కంకణం తెప్పించుకుని చేతికి ధరించే వీలు కల్పించారు. ఆ కంకణం ఉన్నవారిని పరీక్షలో చేర్చలేదు. మన గ్రామాలలో ఈ ఏర్పాటు ఏ రూపంలో ఉండాలి? గ్రామసభలో చెప్పాలా, దండోరా వేయించాలా? ప్రజల విశ్వాసం ఒకసారి చెదిరితే 108కి ఫోన్ చేయడానికే వెనుకాడే ప్రమాదం ఉన్నది. కనుక నైతిక సంఘాలు ఈ విషయంపై ముందుగానే నిర్ణయానికి రావాలి. పరిశోధన మొదలైన తరువాత చర్చించవలసిన అంశం కాదిది.

ఎవరు చేయాలి

కేంద్రంలో ఆరోగ్య పరిశోధన విభాగం 2007లో ప్రత్యేకంగా ఏర్పడింది. మాతాశిశు ఆరోగ్య రంగంలో పరిశోధన ప్రాధాన్యాలను శాస్త్రీయంగా నిర్ణయించిన అనుభవం భారత వైద్య పరిశోధన మండలికి ఉన్నది. విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఈ బాధ్యతకు తగిన వేదికలు. 108 సేవలను నిర్వహించే సంస్థ టెండర్ కాలపరిమితిని బట్టి మారవచ్చు. వివరాలు, పరిశోధన మాత్రం నిర్వాహక సంస్థతోపాటు మారిపోకుండా ప్రభుత్వం ఒప్పంద పత్రంలోనే నిబంధన చేర్చడం అవసరం. పాత నిర్వాహకుని కంప్యూటర్‌లో మిగిలిపోయిన పదేళ్ల వివరాలు కొత్తవానికి ఉపయోగపడవు.

పాత్రికేయుల పాత్ర కూడా తక్కువ కాదు. కొత్త వాహనాలకు పచ్చజెండా ఊపిన రోజున వాహనాల సంఖ్యతోపాటు, పాత వాహనాలు చేర్చిన రోగులలో ఎందరు ఇంటికి తిరిగి వెళ్లారన్న ప్రశ్న విలేకరుల సమావేశంలో వినబడితే, ఆ అంకెను సిద్ధం చేసుకోవడం అధికారులకు క్రమంగా అలవాటవుతుంది.

ఇటువంటి సేకరణ చేపట్టినప్పుడు ప్రశ్నావళి ఆంగ్లంలో తయారై తెలుగులోకి మారడం కాక, తెలుగులోనే వ్రాయబడాలి. ఏజెన్సీలో కోయ, గోండి, కువి, సవర భాషలు మాట్లాడేవారి వద్దకు కాగితం పంపి ప్రయోజనం లేదు, మనిషి వెళ్లి వినాలి. ఈఎంటీలను, పైలట్లను ప్రశ్నించేటప్పుడు వారి పై అధికారి ఆ గదిలో లేకుండా చూడాలి. మందు పెట్టెలో లేనందున వాడలేకపోయామని చెప్పే అవకాశం వారికి అప్పుడే ఉంటుంది. ఎంపికైన పది ప్రశ్నలను, వాటిలో దేనికి ఎంత నిధి కేటాయించారో, ఏ సంవత్సరానికి సమాధానం ఆశిస్తున్నారో అంబులెన్సు నిలిపే ప్రతి కేంద్రంలోనూ అంటించి ఉంచాలి. సమాధానం దొరికిన ప్రశ్నను కొట్టివేసి దాని స్థానంలో కొత్త ప్రశ్నను చేర్చే పని రెండు, మూడేళ్లకొకసారి జరగాలి.